పాటగాడి గుమాస్తా

చిలుకను ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట మొదట మరిది నోటి నుంచే వచ్చింది. సాయంత్రం వచ్చి, టీ తాగి, ఖాళీ గ్లాసు కిటికీ గట్టు మీద పెడుతూ పంజరం కేసి చూశాడు.

"వదినా, ఇదింక ఎన్నాళ్ళో బతకదు. పొట్ట మీద చూడు, ఒక్క ఈక మిగల్లేదు. పీక్కుని పీక్కుని చస్తుంది. అంతదాకా తెచ్చుకోవడం దేనికి, ఇప్పుడే ఎవరికో ఒకరికి ఇచ్చెయ్. నీకూ ఓ చాకిరీ తప్పుతుంది. అన్నయ్యకి మాత్రం ఇప్పుడేం తెలుస్తుంది గనక?"

అన్నయ్య అక్కడే ఉన్నాడు. తమ్ముడికీ పంజరానికీ నడుమ, చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తన ముఖం ముందు నుంచి చాచిన తమ్ముడి చేతిని భుజం నుంచి వేలి కొస దాకా చూశాడు. తరవాత భార్య వైపు తిరిగాడు. కుడి పక్కకు జారిన పెదవి కష్టపడి కదిలింది.

"ఊ... వే."

మొదటి ముక్క గొంతు అడుగు నుంచి వచ్చింది. రెండోది పైకి ఎగదోసినట్టు వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర నుంచీ ఆయన నోట గట్టిగా వచ్చే చప్పుడు అదొక్కటే.

"నొప్పిగా ఉందా?" ఆమె లేచి వీపు వెనక దిండు సర్దింది. ఆయన ఎడమ మోచేత్తో దిండును నెట్టేశాడు. "దాహమా?" అంటూ నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. గడ్డం మీంచి కారిన నీళ్ళను ఆమె తువ్వాలుతో తుడిచింది.

"ఏం కావాలో ఆయనకే తెలీదు పాపం," అన్నాడు మరిది, స్కూటరు తాళం చెవి వేలికి తిప్పుకుంటూ.

"తెలిస్తే ఇన్ని బాధలెందుకు?" అంది ఆమె కూడా.

మరిది చెడ్డవాడు కాడు. రోజూ పొద్దున్నే వచ్చి అన్నను లేపి స్నానం చేయించి, గడ్డం గీసి, కుర్చీలో కూర్చోబెట్టి తన పనికి పోతాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి మంచం ఎక్కిస్తాడు. ఆ ఎత్తడం దించడంలో ఎప్పుడో అన్నతో మాట్లాడటం మానేశాడు. అన్న గురించి మాట్లాడటం మాత్రం ఎక్కువైంది.

అతను మెట్లు దిగుతుంటే పంజరంలోంచి స్కూటరు హారన్ మోగింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

"వింటున్నావా వదినా? నా పేరు ఇంకా మర్చిపోలా," కింద నుంచి అరిచాడు మరిది.

ఆ ఇంట్లో చిలుకకు మనుషులంతా చప్పుళ్ళే. మరిది అంటే హారన్. పక్కింటి టీచరమ్మ అంటే తాళాల గుత్తి గలగల. ఇంటి యజమాని అంటే ముక్కు చీదడం. ఆయన వచ్చినప్పుడల్లా అందరూ నవ్వు బిగబట్టుకోవలసి వచ్చేది. పళ్ళ మార్కెట్లో వేలం పాడే ఆమె మొగుడి భుజమెక్కి పెరిగిన పక్షి అది. ఆయన "ఒకటోసారి, రెండోసారి" అని కేక పెడితే వెనకనుంచి అదీ అనేది. "నాకు గుమాస్తా దొరికాడు. జీతం లేదు, జామకాయ చాలు," అని ఆయన మార్కెట్టంతా చెప్పుకునేవాడు. ఆయన్ను అందరూ పాటగాడనేవాళ్ళు, చిలుకకు గుమాస్తా అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇక ఆమె అంటే గుమాస్తాకు "ఏమోయ్". మొగుడు పిలిచే పిలుపే. ఆ గొంతే, ఆ బరువే, చివర ఆ కాస్త నవ్వే. వంటింట్లో ఉండగా వెనక నుంచి "ఏమోయ్" అని వినబడితే ఎవరు పిలిచారో తెలియక, ఇద్దరికీ కలిపి "వస్తున్నా" అనేది.

పక్షవాతంతో పాటగాడికి మాట పడిపోయిన తరవాత గుమాస్తా ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

*

వీధిలో ఆమెను బైండింగమ్మ అంటారు. ఆమె పనిచేసేది పుస్తకాలు కుట్టే షాపులో. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడతలు వేసి, మడత మీద చెక్కముక్కతో గట్టిగా ఒత్తి గీసి, వరస తప్పకుండా పేర్చి, వెన్ను మీద గాట్లు పెట్టి, మైనం రాసిన దారంతో ఒక్కొక్క మడతా కుట్టుకుంటూ పోవాలి. దారం మరీ బిగిస్తే కాగితం తెగుతుంది. వదిలితే పుస్తకం వదులైపోతుంది. ఆమె చేతులకు ఆ బిగువు తెలుసు. చేతుల పని చేతులు చేస్తుంటే, ఈ మధ్య ఆమె మనసంతా ఒకటే వెతుకులాట. ఆయన గొంతు గుర్తు తెచ్చుకోవడం. మాటలు గుర్తొస్తున్నాయి. ఎప్పుడు ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తొస్తోంది. గొంతు మాత్రం రావడం లేదు. పక్కన కటింగు మిషను దడేలుమని దిగుతుంటే, అంతవరకూ కూడదీసుకున్నది కూడా తెగిపోతోంది.

"ఏంటి, ఇవాళ దారంతో పోట్లాడుతున్నావు?" అంది ఎదురుగా కూర్చున్న జిగురక్క. పుస్తకాల వెన్నుకు జిగురు రాయడం ఆవిడ పని. ఎవరినైనా పట్టుకుంటే వదలదని కూడా ఆ పేరు.

ఆమె చిలుక సంగతి చెప్పింది. జిగురక్క కుంచె గిన్నె అంచుకు ఆనించి, ఊరి చివర పక్షుల డాక్టరమ్మ ఉందని, అక్కడ పంజరాల్లో పెరిగిన చిలుకలను పెద్ద వలగదిలో ఉంచి సాకుతారని చెప్పింది. "ఇచ్చేసేదే అయితే అక్కడివ్వు. మార్కెట్లో ఎవడికో ఇస్తే వాడు రెక్కలు కత్తిరించి కొట్టు ముందు వేలాడదీస్తాడు."

మర్నాడు ఆమె పంజరానికి పాత దుప్పటి కప్పి బస్సెక్కింది.

డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి, చేతుల నిండా గీట్లు. చిలుకను చిన్న తువ్వాల్లో చుట్టి, తల మాత్రం బయటికి పెట్టి, వెలుతురు కింద తిప్పి తిప్పి చూసింది.

"తల చూశారా? తల మీద ఒక్క ఈక కూడా పోలేదు. ఎందుకంటే అక్కడికి దాని ముక్కు అందదు. జబ్బయితే తల మీదవీ రాలేవి. ఇది తనే పీక్కుంటోంది." చూపుడు వేలితో నెత్తి మీద నిమిరింది. అక్కడ సన్నటి తెల్ల ముళ్ళలాంటివి గుచ్చుకుని ఉన్నాయి. "ఇవి కొత్త ఈకలు. ఒక్కోటీ ఇలా తొడుగులో ముడుచుకుని పుడుతుంది. ఒంటి మీదవైతే అదే చిదుపుకుంటుంది. తల మీదవి మాత్రం తోటి పక్షి చిదిపి విప్పాలి. ఇదివరకు ఎవరు చేసేవాళ్ళు?"

"మా ఆయన. పొద్దున్నే కాఫీ తాగుతూ బొటనవేలితో రాస్తూ కూర్చునేవారు."

"ఇప్పుడు?"

"ఆ చెయ్యే పడిపోయింది."

"మరి మీరు?"

ఆమె తన వేలి మీద గాటు చూపించింది. డాక్టరమ్మ నవ్వి, తన చేతుల మీదవి చూపించింది.

"మందేం లేదమ్మా దీనికి. ఇది దిగులు."

"మాటలు కూడా మానేసిందండి. నన్ను ఆయన గొంతుతో పిలిచేది. ఇప్పుడు ఎంత బతిమాలినా పిలవదు."

"గుంపులో ఒక్కో చిలుకకి ఒక్కో పిలుపు ఉంటుంది," అంది డాక్టరమ్మ, పక్షిని పంజరంలోకి వదులుతూ. "గూట్లో పిల్లగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు పెడతాయి, మనం పేరు పెట్టినట్టే. ఎవరైనా కనబడకపోతే మిగతావి ఆ పిలుపుతోనే పిలుస్తాయి. మీ చిలుకకి మీ ఇల్లే గుంపు. మీలో మీరు ఎలా పిలుచుకుంటే అదీ అలాగే పిలుస్తుంది."

వెనక వైపు వలగది చూపించింది. చెట్ల కొమ్మలు పాతి, పైనంతా వల కట్టిన పెద్ద ఆవరణ. బోలెడు చిలుకలు. ఒకటి కళ్ళు మూసుకుని మెడ వంచి కూర్చుంటే పక్కది దాని నెత్తి మీద ఈకలను ఒక్కొక్కటే ముక్కున పట్టి నెమ్మదిగా చిదుపుతోంది. పొడి రాలి గాల్లో ఎగురుతోంది. పంజరం అక్కడ దించేసరికి గుమాస్తా ఊచలకు అతుక్కుపోయింది. అరవలేదు. కళ్ళలో నల్లగుడ్డు చిన్నదవుతోంది, పెద్దదవుతోంది, చిన్నదవుతోంది. వాటి గోలలో ఒక్క ముక్క కూడా దానికి అర్థం కానట్టు, అయినా వదిలిపెట్టలేనట్టు వింటోంది.

"ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను. ఉన్నట్టుండి మారిస్తే బెంగెట్టుకుంటాయి, ఇంట్లో దాని అలవాట్లు కాస్త చూడాలి. ఈలోపు మీరూ ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముందండీ. తీసుకెళ్ళండి," అంది ఆమె.

తిరుగు బస్సు పళ్ళ మార్కెట్ పక్క నుంచి వెళ్ళింది. లోపల ఎవరో కొత్తవాడు వేలం పాట పాడుతున్నాడు. గొంతు బాగానే ఉంది. ఆమె కిటికీ అద్దం మూసేసింది.

*

ఆదివారం దాకా షాపుకు సెలవు పెట్టింది. పక్షి వెళ్ళిపోయే లోపు ఆ "ఏమోయ్" ఒక్కసారి అనిపించి ఫోనులో పట్టుకోవాలి. ఒక్కసారి చాలు. పెళ్ళిళ్ళలో తీసిన వీడియోల్లో ఎక్కడా ఆయన గొంతు లేదు. అన్నీ మేళాలే, పాటలే. ఇంత గొంతున్న మనిషి గొంతు ఎవరూ దాచుకోలేదు.

జామకాయ ముక్కలు కోసి పంజరం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఫోను ఊచలకు ఆనించింది.

"గుమాస్తా, ఏమోయ్ అను. ఏమోయ్."

గుమాస్తా ఒక కన్నుతో ముక్కను, ఇంకో కన్నుతో ఆమెను చూసింది. తాళాలు గలగలలాడించింది.

"అది కాదురా. ఏమోయ్!" గొంతు బొంగురు చేసి, కడుపులోంచి లాగి, మొగుడిలా పలికింది. గోడ అవతల నుంచి టీచరమ్మ కిసుక్కున నవ్వడం వినబడింది. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. కాసేపటికి నవ్వు పోయి, బతిమాలడమే మిగిలింది. "నా తండ్రివి కదూ. ఒక్కసారి అనరా. ఇంకెప్పుడూ అడగను. ఆయనలా ఒక్కసారి పిలువు."

వెనక దభీమని చప్పుడయింది. పాటగాడు ఎడమ చేత్తో పళ్ళెం విసిరికొట్టాడు. జామకాయ ముక్కలు గదంతా చెల్లాచెదరయ్యాయి. ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఊవే!" అన్నాడు. "ఊవే!"

"చూస్తున్నాలెండి, మీకూ పెడతాను," అని ఆమె విసుగ్గా ముక్కలు ఏరింది. మాత్ర వేళ దాటిందేమోనని మాత్ర తెచ్చి ఇచ్చింది. ఆయన మింగాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు వచ్చాయి. డాక్టర్లు ముందే చెప్పారు, ఇలాంటి మనుషులకు ఊరికే ఏడుపొస్తుందని. ఆమె తుడిచింది.

మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పనిరోజుల్లో ఆ వేళ ఆమె ఎన్నడూ ఇంట్లో లేదు. ఏరగా మిగిలిన ముక్క ఒకటి ఆయన కుర్చీ సందులో దొరికినట్టుంది. ఎడమ చేత్తో దాన్ని ఊచల్లోంచి లోపలికి తోశాడు. గుమాస్తా కాలితో అందుకుని కొరికింది. ఒక పక్క తిని, మిగిలింది ముక్కున పట్టుకుని ఊచల దగ్గరికి వచ్చి, ఆయన వేళ్ళకు అందేలా చాచి నిలబడింది. ఆయన తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నాలుకతో చిన్నగా టక్కుమనిపించాడు. అదీ టక్కుమంది. ఆయన రెండుసార్లు. అదీ రెండుసార్లు. అది తల వంచి, నెత్తిని ఊచల సందులో పెట్టింది. ఆయన బొటనవేలు దాని నెత్తి మీదికి వెళ్ళి, గురి తప్పి కంటి మీద తగిలింది. అది కదల్లేదు. కరవలేదు. కళ్ళు మూసుకుని అలాగే ఉంది.

ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయింది. పరాయి ఇంట్లోకి తొంగిచూసినట్టు అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికెళ్ళింది. సగం ఆరేసిందో లేదో కింద నుంచి వినబడింది.

"ఊవే!"

తడిబట్ట అక్కడే పడేసి పరుగున దిగింది. కుర్చీలోంచి జారాడేమో అనుకుంది. తలుపు తోసి చూస్తే ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. గుమాస్తా పంజరంలోని అడ్డపుల్ల మీద సన్నగా, నిటారుగా సాగి నిలబడి గుమ్మం వైపు చూస్తోంది. ఆమె కనబడగానే ఒళ్ళు వదులు చేసి, ఉన్న నాలుగు ఈకలూ విదిలించుకుని, ముక్కు రుద్దుకుంది.

"నువ్వా పిలిచింది?"

గుమాస్తా నీళ్ళ గిన్నె దగ్గరికి పోయింది.

ఆమె బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద నిలబడింది. కొంచెం సేపు ఏమీ లేదు. తరవాత లోపల నుంచి, ఆయన గొంతుతోనే, ఇప్పటి ఆ పగిలిన గొంతుతోనే, మొదటి ముక్క కిందకి, రెండోది పైకి: "ఊవే." తలుపు తీసింది. నిశ్శబ్దం.

అప్పుడే టీచరమ్మ బడి నుంచి వస్తూ ఆవిడ తలుపు దగ్గర ఆగింది. లోపల తాళాల గుత్తి మోగింది. టీచరమ్మ చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు, తాళాలు ఇంకా తియ్యనే లేదు. "అడుగులు గుర్తుపడుతుంది ముండాకొడుకు," అని టీచరమ్మ నవ్వి లోపలికి పోయింది.

సాయంత్రం మరిది వచ్చాడు. హారన్ మోగింది. అతను అన్నను మంచం ఎక్కిస్తుండగా ఆమె ఏ మాటా చెప్పకుండా బయటికి నడిచి మెట్ల మలుపు దగ్గర గోడకు ఆనుకుంది. గదిలో మరిది ఉన్నాడు, మొగుడు ఉన్నాడు. లేనిది తను ఒక్కతే.

"ఊవే," అంది గుమాస్తా.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఎవరైనా కనబడకపోతే వాళ్ళ పిలుపుతోనే పిలుస్తాయి అంది డాక్టరమ్మ. మీలో మీరు ఎలా పిలుచుకుంటే అదీ అలాగే, అంది. గుమాస్తా ఆమెను పిలవడం మానలేదు. ఇంట్లో ఆమె పిలుపు మారిందంతే. మారిన సంగతి పక్షికి తెలిసింది, ఆమెకు తెలియలేదు. పొద్దున్న సంచీ భుజానికి తగిలించుకోగానే ఆయన అనే మాట అది. సాయంత్రం మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినబడగానే అనే మాట అది. ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం తీసిన రోజు మొట్టమొదట అన్నదీ అదే. దానికి ఆమె నర్సును పిలిచింది. అప్పటి నుంచీ ఆయన పిలుస్తూనే ఉన్నాడు. పిలిచినప్పుడల్లా ఆమె నీళ్ళిచ్చింది, దిండు సర్దింది, మాత్ర మింగించింది. నిన్న ఆయన కళ్ళెదుటే పంజరం ముందు కూర్చుని, ఆయనలా పిలవమని ఒక పక్షి కాళ్ళావేళ్ళా పడింది.

మరిది వెళ్ళేదాకా మెట్ల మీదే కూర్చుంది. తరవాత లోపలికి వెళ్ళి మంచం అంచున, ఆయనకు కనబడేలా ఎడమ పక్కన కూర్చుంది. అడగడానికి భయమేసింది. కాదంటే ఎలా?

"ఏమండీ. ఊవే అంటే... నేనా?"

ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. సరిగ్గా విన్నానా అని చూస్తున్నట్టు చూశాడు. తరవాత ముఖంలో కదిలే సగం కదిలింది. ఎడమ అరచెయ్యి పరుపు మీద పడింది, లేచింది, మళ్ళీ పడింది, ఎవరో బయట తలుపు బాదుతున్నట్టు.

"ఊవే," అన్నాడు.

"ఆఁ," అంది ఆమె.

"ఊవే."

"ఆఁ. ఇక్కడే ఉన్నా."

"ఊవే. ఊవే. ఊవే."

ఆమె ప్రతిదానికీ పలికింది. ఇన్ని నెలల పిలుపులకు బదులు ఒక్క పూటలో ఇచ్చెయ్యడం కుదరదని తెలిసినా పలికింది.

*

ఆదివారం డాక్టరమ్మ ఒక గాలి కన్నాల పెట్టె పట్టుకుని వచ్చింది. మరిది కుర్చీ లాగి వేశాడు.

"మీకు శ్రమ ఇచ్చానండి," అంది ఆమె. "చిలుకను పంపదలచుకోలేదు."

మరిది ఆశ్చర్యపోయాడు. "అదేంటి వదినా? మొన్న నువ్వే కదా..."

"దాని వల్లే నాకు తెలిసింది. అదే లేకపోతే..." ఆమె పంజరం వంక చూసింది. ఇంకా ఎన్ని తెలియాలో! ఆ టక్కుటక్కుల్లో ఏముందో, పళ్ళెం విసిరినప్పుడు ఏమన్నాడో. చెప్పగలిగింది ఆ పక్షి ఒక్కటే. "పంపను," అంది మళ్ళీ.

డాక్టరమ్మ ఒత్తిడి చెయ్యలేదు. పంజరం దగ్గరికెళ్ళి గుమాస్తా ఛాతీ చూసింది. కొత్తగా పీక్కున్న చోట నెత్తురు చుక్క గడ్డకట్టి ఉంది. "ఇది ఆయన చిలుకే కదమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆ మాటకు ఆమె ఆగిపోయింది. ఇచ్చేద్దామన్నది మరిది. తీసుకెళ్ళమన్నది తను. వద్దంటున్నదీ తనే. కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కొక్కరి నోటి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆమె స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. వలగది గురించి చెప్పింది. పైన వల ఎంత ఎత్తులో ఉందో, కొమ్మలు ఎలా పాతారో చెప్పింది. కళ్ళు మూసుకున్న చిలుక గురించి, దాని నెత్తి చిదుపుతున్న తోటి చిలుక గురించి, గాల్లో ఎగిరిన పొడి గురించి చెప్పింది. వాటి గోల వింటూ గుమాస్తా ఊచలకు ఎలా అతుక్కుపోయిందో చెప్పింది. "దానికి వాటి భాష రాదండి. ఒక్క ముక్క రాదు. అయినా వింటూనే ఉంది. మీ పక్షి. మీరు చెప్పండి. ఉంచుదామా?"

మరిది ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

ఆయన పంజరం వైపు తిరిగి నాలుక టక్కుమనిపించాడు. గుమాస్తా టక్కుమంది. ఆయన పంజరం తలుపు చూపించాడు. ఆమె తెరిచింది. ఎడమ ముంజేతిని లోపలికి పెట్టగానే గుమాస్తా ఎక్కి కూర్చుంది. ఆయన దాన్ని తన ఒళ్ళోకి తెచ్చుకుని, ముంజెయ్యి తొడ మీద ఆనించి, కుడి చేతిని చూశాడు. ఆమెకు అర్థమైంది. చచ్చుబడిన ఆ చేతిని ఎత్తి, బొటనవేలిని తన రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గుమాస్తా నెత్తి మీద పెట్టి రాసింది. పక్షి ఉలిక్కిపడి ముక్కు తెరిచింది. ఆ వేలి వాసన తగిలిందేమో, మూసింది. మెడ వంచింది. ఒక్కో తొడుగూ చిట్లి తెల్లటి పొడి ఆయన లుంగీ మీద రాలింది. లోపల్నుంచి పచ్చటి కొసలు విచ్చుకున్నాయి.

నెత్తంతా అయ్యాక ఆయన గడ్డంతో పెట్టెను చూపించాడు.

"పెట్టెలోనా?" అంది ఆమె. "ఉంచుదామండీ. నా కోసం ఉంచుదాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. పక్షిని ఒళ్ళో దించి, ఎడమ వేలితో దాని బోడి ఛాతీని, తరవాత మాట రాని తన నోటిని, తరవాత కిటికీ అవతలను చూపించాడు. మరిది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గుమాస్తాను ఆయనే, ఎడమ చేత్తోనే, పెట్టెలోకి ఎక్కించాడు.

డాక్టరమ్మ మెట్లు దిగుతుండగా పెట్టెలోంచి ముందు హారన్ మోగింది. తరవాత తాళాల గలగల. తరవాత ఇంటి యజమాని చీదుడు, ఎవరూ నవ్వలేదు. తరవాత "ఊవే". ఒక్కొక్కరినే, తెలిసిన అందరినీ పిలుచుకుంటూ వెళ్ళింది. వీధి మలుపులో "ఒకటోసారి" అని పాటగాడి పాత గొంతు ఒక్కటి గాలికి వచ్చింది. ఆయన ఆ గొంతు వైపు తిరగలేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

సోమవారం పొద్దున్న మరిది వచ్చి, స్నానం చేయించేముందు, "అన్నయ్యా, నీళ్ళు వేడిగా ఉన్నాయా, చల్లార్చమంటావా?" అని అడిగాడు. అడిగి, బదులు కోసం నిలబడ్డాడు.

అతను వెళ్ళాక ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "ఊవే," అన్నాడు ఆయన. "వెళ్ళొస్తానండి," అని గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు వెనక నుంచి ఇంకో చప్పుడు వినబడింది.

"మ్మ... రా."

ఎన్నడూ వినని చప్పుడు. ఆమె వెనక్కి తిరిగింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా నీళ్ళ గ్లాసు దాకా వెళ్ళింది. ఆగింది. సంచీ దించి స్టూలు మీద కూర్చుంది.

"గుమాస్తానా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"కిటికీ? ఎండ పడుతోందా?"

కాదు.

"మార్కెట్టా?"

ఆయన తల ఆగింది. కాదనలేదు, అవుననలేదు. దగ్గరికొచ్చావు అన్నట్టు ఎడమ చెయ్యి గాల్లో కొంచెం కదిలించాడు. సంచీలో ఫోను మోగింది. షాపు నుంచే అయ్యుంటుంది, సగం కుట్టిన పుస్తకాలు బల్ల నిండా ఉన్నాయి. ఆమె స్టూలును కుర్చీకి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఇంకోసారి అనండి," అంది. "నెమ్మదిగా."